చెప్పుల వరుస

ప్రపంచం మంగళవారం ముగిసింది. కుళాయి మాత్రం బుధవారం కూడా వచ్చింది.

ఒక తెల్లటి గాలి వీచి మనుషులను తీసుకుపోయింది. వస్తువుల జోలికి పోలేదు. ఎండిన బావిలో పూడిక తీస్తున్న మనిషి ఒక్కడే దానికి అందలేదు. అతను నిచ్చెన ఎక్కి పైకి వచ్చి చూస్తే ఊళ్లో ఎవరూ లేరు. పిలుచుకుంటూ వీధులన్నీ తిరిగాడు. నాలుక అంగిలికి అతుక్కుపోయాక, మర్నాటి పొద్దున నీళ్ల చప్పుడు వినిపించింది.

వీధి చివర కుళాయి కారుతోంది. కొండమీది ట్యాంకు నుంచి నీళ్లు వాటంతట అవే దిగుతున్నాయి. కుళాయి ముందు వరుస ఉంది: ఎర్ర రబ్బరు చెప్పు, ఇటుక, పగిలిన హెల్మెట్, తాడు కట్టిన రాయి, ఇంకా అలాంటివే. ఒక్కోదాని పక్కన ఒక ఖాళీ బిందె.

ఆ ఊళ్లో చెప్పు పెడితే మనిషి నిలబడ్డట్టే. వంతు వచ్చేసరికి మనిషి లేకపోతే, వెనకున్నవాళ్లు ఆ బిందె నింపి నీడలో పెట్టాలి. దాటిపోకూడదు.

అతను చివర తన చెప్పు పెట్టాడు. పెట్టాక నవ్వొచ్చింది. ముందుకెళ్లి దోసిలి పడితే అడిగేవారు లేరు. కానీ దాటితే, వీళ్లెవరూ ఇక రారని తన నోటితో తనే చెప్పినట్టు. దానికంటే దాహమే నయమనిపించింది.

ముందున్న బిందెలు ఒక్కొక్కటే నింపి నీడలో పెట్టే పని మొదలుపెట్టాడు. కొంచెం త్వరగా కానివ్వమని ఎర్ర చెప్పును మందలించాడు. ఇటుకను ఆరోగ్యం అడిగాడు. హెల్మెట్ రెండో బిందె పట్టబోతోందని ఆరోపించాడు, హెల్మెట్ ఒప్పుకోలేదు, రాయి ఇతని పక్షాన సాక్ష్యం చెప్పింది. దాహానికి తల తిరుగుతోంది, కాళ్లు నేలకు ఆనడం లేదు. పదిమంది గొంతులతో పోట్లాడి, పదిమందిలా నవ్వాడు. ఒక్క చుక్క తాగలేదు.

చివరికి తన చెప్పొక్కటే మిగిలింది. ఆఖరి బిందెను నీడలో పెట్టి తిరిగొచ్చేసరికి, చెప్పుకు ముందు ఒక పచ్చ ప్లాస్టిక్ మగ్గు ఉంది.

అతను మగ్గు వైపు చాలాసేపు చూశాడు. లుంగీ ఎగ్గట్టాడు.

“ఎవరిదిది? వరుసంటే లెక్కలేదా?”

“పొద్దున్నే పెట్టిపోయానయ్యా,” అంటూ గోడ వెనక నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. ఏ నేలమాళిగలోంచి వచ్చిందో, జుట్టునిండా దుమ్ము.

“అబద్ధం. పొద్దుట్నుంచీ ఇక్కడే చస్తున్నాను నేను.”

“అయితే కళ్లు చూపించుకో.”

అతను పెద్దమనుషుల్ని పిలుస్తానన్నాడు. పిలవమంది. ఆమెది ఏ వీధో తనకు తెలుసన్నాడు. అతని వీధి సంగతి ఊరందరికీ తెలుసంది. ఇద్దరి కళ్ల వెంటా నీళ్లు కారుతున్నాయి; గొంతులు మాత్రం తగ్గలేదు. అంత కమ్మటి తగాదా ఆ కుళాయి దగ్గర ఎన్నడూ జరగలేదు. చివరికి అతని నోట మాటకు బదులు ఉత్త గాలి వచ్చింది.

ఆమె మగ్గు నింపి అతనికి అందించింది.

“ముందు తాగు. తడిలేని గొంతుతో ఏం పోట్లాడతావు?”

అతను తాగాడు. మగ్గును మళ్లీ దాని చోటే పెట్టి, తన చెప్పును దాని వెనక సర్దాడు. ఆపైన గొంతు సవరించుకుని, ఆమె చెప్పింది మొదటినుంచీ అబద్ధమేనని మళ్లీ అందుకున్నాడు.