ఐలవ్వ గీసిన ఆరో వేలు

అనగనగా అంటాను, మీరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే ఈ కథ సగంలో ఆపేద్దామనిపిస్తుంది నాకు. ఇది గొప్పలు చెప్పుకునే కథ కాదు, తల దించుకుని చెప్పే కథ.

అనగనగా, ఏ రాజు ఏలాడో ఎవరికీ గుర్తులేని కాలంలో, ఐలవ్వ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాక అతని కుంచె పట్టుకుంది. బట్ట మీద చింతగింజల అంబలి పూసి, సుద్ద పూసి, ఎర్రరంగు వేసి, దాని మీద గట్టు తల్లి అనే దేవత కథంతా బొమ్మలుగా రాసింది. కథ చెప్పే కొమురయ్య ఆ పటాన్ని ఊరూరా తిప్పి పాడుకునేవాడు. ఐలవ్వ చచ్చిపోయింది. పటం మాత్రం తిరుగుతూనే ఉంది.

బట్ట కదా, ఎన్నాళ్లుంటుంది? మడతల దగ్గర చిరిగింది. అప్పుడు కొమురయ్య ఓదెలు అనే చిత్రకారుడి దగ్గరికి వచ్చాడు. పాతదాన్ని చూసి కొత్తది రాయమన్నాడు. పటాలు రాసే మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. పాత పటంలో ఉన్నది ఉన్నట్టు దించాలి. కొత్తది పూర్తయ్యాక పాతదానికి పసుపు కుంకుమ పెట్టి, మనిషిని సాగనంపినట్టు వాగులో వదిలెయ్యాలి.

ఓదెలు దించడం మొదలుపెట్టాడు. తల్లి ఎడమచేతి దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగింది. వేళ్లు లెక్కపెట్టాడు. ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరు. కుంచె కింద పెట్టి మూడోసారి లెక్కపెట్టాడు. ఆరే. ముసల్ది పొరపాటున రాసి ఉంటుందని నవ్వుకున్నాడు. అయినా కట్టుబాటు కట్టుబాటే కాబట్టి ఆరూ రాశాడు. పాత పటాన్ని తన చేతులతోనే వాగులో వదిలాడు. అది నీళ్లు తాగి మునిగిపోయింది.

కొత్త పటంతో కొమురయ్య బయల్దేరాడు. ఓదెలూ వెంట వెళ్లాడు. మొదటి ఊళ్లో జనం ఆరో వేలు చూసి దండం పెట్టారు. ఇంత గొప్ప ఊహ ఎవరిదని ఊరి పెద్ద అడిగాడు. ఓదెలు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అబద్ధం కాదనుకున్నాడు.

రెండో ఊళ్లో భుజాల మీద కండువా కప్పి, ఊహ నీదేనా అని అడిగారు. ఓదెలు తల ఊపాడు. తల ఊపడం కూడా పెద్ద అబద్ధం కాదనుకున్నాడు. కొమురయ్యకు సంగతి తెలుసు. కానీ కండువా అతనికీ ఒకటి దొరికింది కాబట్టి నోరు మూసుకున్నాడు.

మూడో ఊరు రేగుమడుగు. అక్కడ గుంపులోంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. పేరు బాలవ్వ. పటాన్ని చాలాసేపు చూసింది.

"అన్నా, ఇది మా అవ్వ రాసిన పటం గాదా? నన్ను గన్న అవ్వ, పేరు ఐలవ్వ."

ఊరంతా ఓదెలు వైపు చూసింది. ఈసారి మౌనం సరిపోలేదు, తల ఊపడమూ సరిపోలేదు.

"గాదు," అన్నాడు ఓదెలు. "నాదే. తల్లి నాకు కలల గనబడి చెయ్యి సూపిచ్చింది."

బాలవ్వ ఎడమచెయ్యి కొంగు చాటున ఉంది. ఏదో చెప్పబోతూ ఆ చెయ్యి బయటికి తీసింది. దానికి ఆరు వేళ్లున్నాయి. జనం గొల్లున నవ్వారు. ఆరు వేళ్లున్నంత మాత్రాన తల్లివైపోతావా అని వెక్కిరించారు. ఆమె చెయ్యి మళ్లీ కొంగులోకి లాక్కుని వెళ్లిపోయింది. ఓదెలుకు అప్పుడు అర్థమైంది, అది పొరపాటు కాదని. ఆమెను వెనక్కి పిలవొచ్చు. పిలవలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మొహం కాలుతుంది.

ఆ రోజు నుంచి ఓదెలుకు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుంటే తన చెయ్యే తనకు పరాయిదిలా కనిపించేది. పాత పటం ఉంటే దాన్ని చూపించి బయటపడొచ్చు. అది వాగుపాలయింది. కొమురయ్య నోరు విప్పడు, బాలవ్వ చెబితే ఎవరూ నమ్మరు. ఐలవ్వ అనే మనిషి బతికి రాసిందని చెప్పడానికి లోకంలో ఇక ఓదెలు నాలుక ఒక్కటే మిగిలింది.

మూడో రోజున బాలవ్వ గుమ్మం ముందు నిలబడి, తప్పయిందన్నాడు. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

"నా కాడ జెప్తె ఏమొస్తది? నాకు ముందే ఎరుక. అబద్ధం ఏడ ఆడినవో ఆడనే జెప్పు."

ఓదెలు మొదటి ఊరికి వెళ్లి చెప్పాడు. పిచ్చివాడన్నారు. రెండో ఊరికి వెళ్లి చెప్పాడు. కండువా లాక్కున్నారు. మూడోసారి రేగుమడుగులో, నడిబజారులో, పట్టపగలు పటం విప్పి నిలబడ్డాడు.

"ఈ చెయ్యి నా ఊహ గాదు. ఐలవ్వ రాసింది. ఇది ఆమె బిడ్డ చెయ్యి. నేను దించినోన్ని, దొంగిలిచ్చినోన్ని."

ఎవరూ నవ్వలేదు. బాలవ్వ వచ్చింది. కొంగులోంచి చెయ్యి తీసి, పటం మీది చేతి పక్కన ఆనించింది.

"సిన్నప్పుడు పోరగాండ్లు ఎక్కిరిస్తే ఏడ్చుకుంట ఇంటికొచ్చిన," అంది. "మా అవ్వ ఏమనలే. కుంచె దీసుకొని గట్టు తల్లికి గూడ ఆరు వేళ్లు రాసింది. ఇగ ఎవ్వడు నవ్వుతడో సూస్త అన్నది."

వెక్కిరించిన ఊరు ఆ రోజు తల దించుకుంది.

ఇప్పటికీ మా ఇళ్లలో గట్టు తల్లి పటం రాస్తే ఎడమచేతికి ఆరు వేళ్లే రాస్తాం. పటం విప్పేముందు రాసినవాడు జనంలో లేచి నిలబడి, "చెయ్యి నాది, గీత ఐలవ్వది" అనాలి. అనకపోతే కథ మొదలుకాదు. ఆరు వేళ్లతో బిడ్డ పుడితే ఐలవ్వ రాసిన బిడ్డ అంటారు, చెయ్యి దాచరు.

ఓదెలు పేరు మాత్రం ఎవరూ తలుచుకోరు, పిల్లలకు పెట్టుకోరు. ఆ పేరు చెప్పేది మేమొక్కళ్లమే. ఓదెలు మా తాతల తాత.