మువ్వ కాపురం

అనగనగా జీలుగుపాడని ఒక ఊళ్ళో సుభద్రమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఒక కొడుకు, ఒక ముసలి కుక్క. కొడుకు పోతరాజు, కుక్క సర్దారు. ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ ఇష్టమో ఆవిడ చచ్చినా చెప్పేది కాదు. నవ్వింది చాల్లే, ఊఁ కొట్టు.

ఆ పోతరాజుకి పెళ్ళయింది. కోడలు నాంచారి బండి దిగింది. వెనకాలే ఒక గోధుమరంగు కుక్క కూడా దిగింది. దాని పేరు మువ్వ. తల్లిలేని పిల్ల నాంచారి, అది కళ్ళు తెరవనప్పటి నుంచీ పాలు పట్టి పెంచుకుంది. అప్పట్లో ఈ ఫోన్లూ గీన్లూ ఎక్కడివమ్మా! పుట్టింటి కబురు తెలియాలంటే నెలలు పట్టేది. ఆ కొత్తింట్లో నాంచారికి తనదనుకునే ప్రాణి మువ్వ ఒక్కటే.

సర్దారు మువ్వని చూసింది. చూసి గుర్రుమంది.

"ఓస్, ఇంతేనా! పెళ్ళివారికి బువ్వబంతి పెట్టినట్టు వీటికీ పెడితే సరి" అంది సుభద్రమ్మ. బువ్వబంతంటే ఏంటనుకున్నావ్? పెళ్ళిలో రెండువైపుల వాళ్ళూ ఒకే కంచం చుట్టూ కూచుని తింటారు. తింటే ఒకటైపోతారని. సుభద్రమ్మ పెద్ద కంచంలో పప్పన్నం కలిపి, నెయ్యి కూడా వేసి, రెండు కుక్కల మధ్యా పెట్టింది. ఇరుగమ్మా పొరుగమ్మా వేడుక చూడ్డానికొచ్చారు. ఇంకేముంది, కంచం ఎగిరి పొరుగమ్మ చీర మీద పడింది. మువ్వ చెవి చిరిగింది.

అప్పుడు పోతరాజు "నేను చూస్తానుండండి" అని రెండింటినీ ఒకే గుంజకి కట్టేశాడు. తాళ్ళు మెలిపడి, అవి కొట్టుకుని, కుడితి గోళెం కాస్తా బద్దలైంది. ఘనకార్యం!

ఆ తర్వాత నాంచారి మువ్వని ఒళ్ళో పెట్టుకు కూచుంది. ముద్దు దానికే, ముద్ద దానికే. గుమ్మంలో సర్దారు చూసీ చూసీ మొహం తిప్పుకుంది. మూడు రోజులు మెతుకు ముట్టలేదు.

సుభద్రమ్మకి కడుపు మండిపోయింది. "పన్నెండేళ్ళుగా ఈ గడప కాసిన కుక్కమ్మా అది! మీ నాన్నకి కబురు పెడుతున్నా, వచ్చి నీ కుక్కని తోలుకుపొమ్మని" అంది. శనగ కోతలు అయ్యాక వస్తానని ఆయన తిరుగు కబురు పంపాడు.

నాంచారి చేనుగట్టు మీద కూచుని బావురుమంది. ఏడ్చి ఏడ్చి, ఆలోచించింది. తను మాత్రం వచ్చిన కొత్తలో అందరూ చూస్తుంటే ముద్ద మింగగలిగిందా? వడ్డన గిన్నెలు అత్తగారు ముందు ముట్టుకుంటే గానీ తను ముట్టుకునేదా? చేలో ఉన్నప్పుడే కదా కాస్త ఊపిరాడేది! మరి ఆ మూగజీవాల సంగతేంటి?

మర్నాటి నుంచి సర్దారుకి వీధి అరుగు మీద, మువ్వకి పెరట్లో, విడివిడిగా రెండు చిప్పలు పెట్టింది. మొదటి ముద్ద సర్దారుకే. మొదటి పలకరింపూ దానికే. దీని గోనెపట్టా దానికి, దాని గోనెపట్టా దీనికి మార్చి పరిచింది, ఒకదాని వాసన ఒకదానికి అలవాటవ్వాలని. పొద్దున్నే చేనుకి పోతూ పోతరాజు సర్దారుతో ముందు నడిస్తే, తను మువ్వతో చాలా దూరంగా వెనక నడిచేది. చేలో ఎవరి గడపా లేదుగా, ఎవరి పెత్తనమూ లేదు. రోజుకి నాలుగడుగులు దగ్గరయ్యేవారు. ఒక్కోరోజు మళ్ళీ గుర్రుమంటే, మళ్ళీ వెనక్కి. ఓపిక కావాలమ్మా, నీలా చిటికెలో అయిపోవాలంటే ఎట్లా!

సుభద్రమ్మ అంతా చూస్తూనే ఉంది. సర్దారు మళ్ళీ తింటోందని లోపల సంబరమే. కానీ పంపిన కబురు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కోతలయ్యాయి. నాన్న బండి వచ్చింది. ఆయన్ని చూడగానే మువ్వ ఎగిరింది, దొర్లింది, మొహమంతా నాకింది. ఇక ఇది ఆయనతోనే పోతుందనుకుంది నాంచారి. తనే ఎత్తి బండిలో కూచోబెట్టింది.

బండి కదిలింది. నాలుగిళ్ళు దాటిందో లేదో, మువ్వ ఒక్క దూకు దూకింది. పరుగెత్తుకొచ్చి, నాంచారి పక్కనుంచే పోయి, అరుగెక్కి సర్దారు వీపుకి వీపు ఆనించి పడుకుంది. ముసలి సర్దారు కళ్ళు కూడా తెరవలేదు, కాస్త జరిగి చోటిచ్చింది.

నాన్న బండి ఆపి, వెనక్కొచ్చి, నాలుగైదుసార్లు పిలిచాడు. మువ్వ తోకాడించింది గానీ లేవలేదు. నాంచారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి.

సుభద్రమ్మ కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచి, వియ్యంకుడి వైపు తిరిగింది.

"ఒక ఆడపిల్లనే ఇచ్చావనుకున్నాం అన్నయ్యా, ఇద్దర్ని ఇచ్చావు. కాళ్ళు కడుక్కో, అన్నం తిని వెళుదువు గాని."

కథేమో కంచికి,
కుక్కలేమో పంచకి,
నువ్వూ నేనూ మంచానికి.