రాహేలమ్మ ఇంటి నక్షత్రం

అనగనగా ఒక ఊళ్ళో... ఊళ్ళో అంటే నడి ఊళ్ళో కాదురా కన్నా. ఊరు అయిపోయి, కొబ్బరితోటలు కూడా అయిపోయాక, కాలవ వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంట్లో రాహేలమ్మ అని ఒక ముసలమ్మ. కాళ్ళు అటు పెట్టు, నా మీద కాదు. ఆఁ, ఇప్పుడు విను.

ఆ ఏడు పెద్ద తుఫాను వచ్చింది. గాలి రాహేలమ్మ ఇంటి కప్పు ఎత్తుకుపోయింది. నీళ్ళు మట్టిగోడలు కరిగించేశాయి. తలుపు ఎటు కొట్టుకుపోయిందో దేవుడికే తెలియాలి. మిగిలింది ఒక్కటే, వాళ్ళమ్మ వెదురుబద్దలతో కట్టి ఎర్ర కాగితం అంటించిన క్రిస్మస్ నక్షత్రం. నడుముల్లోతు నీళ్ళలో దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడిందట మహాతల్లి.

అప్పుడు ముగ్గురు పనివాళ్ళు వచ్చారు. తాపీ మేస్త్రీ పోలయ్య ఇటుకలతో గోడలు కట్టాడు. వడ్రంగి భద్రాచారి తలుపు చేశాడు. నూకాలు తాటాకు కప్పు నేసింది. నూకాలు ఆడదే, కానీ తను కప్పెక్కిందంటే మగాళ్ళు కింద నిలబడి ఆకులు అందించాల్సిందే. వానకి తడిశారు, ఎండకి ఎండారు, పండగ దగ్గరపడేసరికి ఇల్లు నిలబెట్టేశారు. కూలి పుచ్చుకున్నారు, పనిముట్లు కడుక్కున్నారు, వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే రాహేలమ్మ నక్షత్రాన్ని చూరుకి కట్టి లోపల దీపం పెట్టింది. దీపం ఆరిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆరింది. గాలి లేదు, నూనె నిండా ఉంది. అప్పుడు వాళ్ళమ్మ మాట గుర్తొచ్చింది. "ఎవరి చెమటతో ఇల్లు నిలబడిందో వాళ్ళ మనసు నిండాలే. అప్పటిదాకా ఇది వెలగదు" అనేది వాళ్ళమ్మ.

వెలగకపోతే ఏమవుతుందంటావా? ఉంది మరి. పండగ ముందు రోజు సాయంత్రం కాలవ మీద పాటల పడవ వస్తుంది. అందులోని పాటగాళ్ళు రేవు రేవుకీ ఆగి, పాట పాడి, ఇంటిని దీవించి వెళతారు. నక్షత్రం కనపడితేనే ఆగుతారు. చీకటిగా ఉంటే ఆ ఇంట్లో ఎవరూ లేరనుకుని పడవ తిప్పేసుకుంటారు. రాహేలమ్మది ఒంటరి బతుకు. ఏడాది మొత్తంలో ఆవిడ గుమ్మంలోకి నలుగురు మనుషులు వచ్చేది ఆ ఒక్క పూటే. పడవ రావడానికి ఇంక మూడు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే సంతకి వెళ్ళింది. పనివాళ్ళకి ఏం కానుక ఇస్తే బాగుంటుందా అని తిరిగి తిరిగి, పనిముట్లయితే పనికొస్తాయిలే అనుకుంది. పోలయ్యకి కొత్త తాపీ, ఆచారికి కొత్త ఉలి, నూకాలుకి ఆకు కోసే కొత్త కత్తి కొని, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి ఇచ్చింది.

పోలయ్య తాపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ గోడ కట్టాలమ్మా?" అన్నాడు.

పాపం, వాళ్ళ చేతిలో ఎవరన్నా ఏదన్నా పెట్టారంటే అది కొత్త పనికి బయానాయే. ఊరికే ఇచ్చినవాళ్ళని వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మధ్యాహ్నానికల్లా ముగ్గురూ పనిముట్లతో దిగిపోయారు. రాహేలమ్మ వద్దు మొర్రో అంటున్నా వినకుండా పోలయ్య వాకిట్లో అరుగు కట్టాడు, ఆచారి గోడకి సామాన్లు పెట్టుకునే చెక్క బిగించాడు, నూకాలు కోళ్ళగూడుకి కప్పు నేసింది. కోళ్ళకి కూడా తాటాకిల్లు, చూశావా భోగం. సాయంత్రం దీపం పెడితే నక్షత్రం చటుక్కున ఆరిపోయింది.

రెండో రోజు రాహేలమ్మ పొయ్యి రాజేసింది. ఈసారి తినేవి ఇస్తాను, తిండికి పని అంటగట్టలేరుగా అనుకుంది. అరిసెలు వండి మూడు గిన్నెల్లో సర్ది, ముగ్గురికీ ఇచ్చి వచ్చింది. హమ్మయ్య అని కూర్చుందో లేదో, గిన్నెలు తిరిగొచ్చాయి.

గిన్నె ఖాళీగా ఎవరన్నా పంపుతారా? మీ అమ్మ పంపుతుందా? పోలయ్య గిన్నె నిండా చిక్కుడుకాయలు. ఆచారి గిన్నె నిండా తేగలు. నూకాలు గిన్నెలో ఎండు రొయ్యలు, మూత పట్టనన్ని. తను ఇచ్చినదానికంటే వచ్చిందే ఎక్కువ. రాహేలమ్మ ఆ మూడు గిన్నెలూ ముందు పెట్టుకుని కూలబడిపోయింది. ఆ సాయంత్రం నక్షత్రం అసలు అంటుకోనేలేదు.

ఇంక పండగ ముందు రోజు రానే వచ్చింది. ఏం ఇవ్వాలో పాలుపోలేదు. పొద్దున్నుంచీ ఆలోచించి ఆలోచించి, మధ్యాహ్నం కొత్త గచ్చు మీద కొంగు పరుచుకుని ఒరిగింది. గచ్చు చల్లగా ఉంది. ఒక చెంప ఆనించగానే కళ్ళు మూతలు పడ్డాయి.

అప్పుడు ఇల్లు కదిలింది. నిజంగానేరా. మెల్లగా, మెల్లగా, తాడు విప్పిన పడవలా కాలవలోకి జారింది. కింద నీళ్ళు గలగలమన్నాయి, పైన తాటాకులు గలగలమన్నాయి. కొబ్బరిచెట్లు కిటికీ పక్కనుంచి ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోతున్నాయి. రాహేలమ్మకి భయం వెయ్యలేదు. హాయిగా ఉంది.

గోడ ఊపిరి తీసుకుంది. "పోలయ్య నన్ను ఇటుక ఇటుకా తడిమి కట్టాడే. కానీ ఒక్కసారి కూడా నాకు వీపు ఆనించి కూర్చోలేదు" అంది.

తలుపు కిర్రుమంది. "ఆచారి నన్ను చిత్రిక పట్టి పట్టి నున్నగా చేశాడు. నన్ను లోపల్నుంచి మూసుకుంటే ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు" అంది.

ఆఖరికి కప్పు గుసగుసలాడింది. "నూకాలు నా మీదకి ఎక్కిందే కానీ, నా కింద పడుకుని ఒక్కసారైనా చూసిందా?"

రాహేలమ్మ ఉలిక్కిపడి లేచింది. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. గచ్చు మీద రెండు నీటిచుక్కలు మాత్రం ఉన్నాయి, ఎక్కడివో ఏమో. కొంగు బిగించుకుని ఊళ్ళోకి పరిగెత్తింది. "ఇవాళ నాలుగింటికి మా ఇంటికి రండి. పనిముట్లు తేవద్దు, గిన్నెలు తేవద్దు. ఉత్తచేతులతో రండి" అని ముగ్గురికీ చెప్పింది.

"ఉత్తి సేతులతో వచ్చి ఏం సెయ్యాలి పెద్దమ్మా?" అంది నూకాలు.

"ఏమీ చెయ్యకూడదే. అదే పని" అంది రాహేలమ్మ.

వచ్చారు. వచ్చి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. పోలయ్య అలవాటు కొద్దీ గోడ మీద కొట్టి చూడబోతే రాహేలమ్మ చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. బెల్లం కాఫీ ఇచ్చింది. "ఇంక వీపు ఆనించు పోలయ్యా" అంది.

ఆనించాడు. నలభై ఏళ్ళుగా ఎవరెవరివో గోడలు కట్టాడు, ఒక్క గోడకీ చేరగిలబడలేదు. ఆ చల్లదనం వీపంతా పాకేసరికి కాఫీ తాగడం కూడా మర్చిపోయాడు. "ఇట్టా ఉంటదా" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆచారి తలుపు లోపల్నుంచి మూశాడు. బయటి గాలి చప్పుడు టక్కున ఆగిపోయింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. నువ్వు ఫ్రిజ్జు తలుపుతో ఆడతావే, అలాగే. ఆడి ఆడి, నవ్వుకుంటూ ఆ తలుపుకే ఆనుకుని కూర్చున్నాడు.

నూకాలు చాప మీద వెల్లకిలా పడుకుని పైకి చూసింది. ఆకుల వరసలు ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి. మధ్యలో ఒక్క చోట సూదిబెజ్జమంత వెలుగు. "అయ్యో, అక్కడొకటి ఒగ్గేశాను" అని లేవబోయింది. "ఉండనీవే" అంది రాహేలమ్మ. ఆ బెజ్జం వంకే చూస్తూ చూస్తూ నూకాలు నిద్రపోయింది. ఆ తర్వాత పోలయ్య తల గోడకి వాలింది. ఆ తర్వాత ఆచారి గురక మొదలైంది. వడ్రంగి కదా, రంపంతో కోసినట్టే గురక.

పొద్దు వాలింది. అప్పుడు దూరంగా కాలవ మీద పాట వినిపించింది.

రాహేలమ్మ అగ్గిపెట్టె తీసుకుని గబుక్కున లేచింది. నక్షత్రం బయట చూరుకి ఉంది. బయటికి వెళ్ళాలంటే తలుపు తియ్యాలి. తలుపుకి ఆచారి ఆనుకుని నిద్రపోతున్నాడు. తియ్యాలంటే ఆయన్ని లేపాలి. ఆయన లేస్తే మిగతా ఇద్దరూ లేస్తారు, లేచి పని వెతుక్కుంటారు.

పాట దగ్గరపడుతోంది. ఏడాదంతా ఎదురుచూసిన పాట. రాహేలమ్మ ఆచారి భుజం దాకా చెయ్యి చాచింది. ఆయన మొహం చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోనీలే" అనుకుంది. "పడవ వచ్చే ఏడు వస్తుంది. వీళ్ళకి ఈ నిద్ర మళ్ళీ ఎప్పుడు పడుతుందో." అగ్గిపెట్టె చెక్క మీద పెట్టేసి, ముగ్గురి మధ్యనా చప్పుడు కాకుండా కూర్చుంది. బాధగానే ఉంది, ఎందుకుండదు? కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు, నూకాలు వదిలేసిన ఆ బెజ్జంలోంచి ఒక ఎర్రని వెలుగు చుక్క జారి, రాహేలమ్మ అరచేతిలో పడింది. ఇంకోటి చూరు సందులోంచి పోలయ్య నుదుటి మీద పడింది. తలుపు సందులోంచి గచ్చు మీదకి ఎర్రగా ఒక గీత పాకింది. బయట నక్షత్రం వెలుగుతోంది. ఎవరూ వెలిగించలేదు. దానంతటదే.

పడవ రేవులో ఆగింది. పాటగాళ్ళు మెట్లెక్కి వచ్చారు, తలుపు మూసి ఉండటం చూశారు, లోపల్నుంచి గురక విన్నారు. అందుకని డోలక్కు కింద పెట్టేసి, జోలపాటలా నెమ్మదిగా, నెమ్మదిగా పాడారు. ఎవరూ లేవలేదు. రాహేలమ్మ ఒక్కతే మేలుకుని, అరచేతిలో ఎర్రచుక్క పట్టుకుని, పాటంతా వింది.

పోలయ్య గోడకి, ఆచారి తలుపుకి,
నూకాలు చాపకి, నక్షత్రం చూరుకి,
పాటల పడవేమో రేవు రేవుకి,
కథేమో కంచికి, కన్నులేమో నిద్దరకి.