మనదే ఊరు

మా గురువుగారు ఓబళయ్య, కొత్తమనిషి ఎవరు గడపెక్కినా, వాళ్లు చెప్పులు విడిచేలోగానే "మనదే ఊరు?" అని అడిగేవారు. నీదే ఊరు, మీదే ఊరు అనడం ఆయన నోట మేమెన్నడూ వినలేదు. మన వైపు పెద్దవాళ్లు చాలామంది అలాగే అడుగుతారు కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. ఆ మాట వల్లే ఆయన ఉద్యోగం పోయిందని తిప్పన్న వచ్చిన రోజున తెలిసింది.

తిప్పన్న మాలో చురుకైనవాడు. ఆ సంగతి అందరికన్నా వాడికే బాగా తెలుసు. కోటవాకిట్లో, లోపలికి వెళ్లేవాళ్లకు రహదారి చీటీలు రాసే గుమాస్తా పని దొరికింది, సోమవారం చేరాలి. ఆశీర్వాదానికి వచ్చి, కాళ్లకు మొక్కి లేచీ లేవకముందే అడిగాడు.

"అయ్యా, ఏటవతల పుట్టినవాళ్లకు చీటీ రాయకూడదని కోటలో ఆజ్ఞ ఉంది. ఆ సీమవాళ్లు ఒకప్పుడు ఖజానా దోచారంట. ఎవడు దొంగో మొహం చూసి చెప్పలేం కదా, అందర్నీ ఆపితే తప్పేముంది? పైగా ఆజ్ఞ నాది కాదు. నేను ఊరిపేరు అడిగి రాసేవాణ్ణే."

గురువుగారికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ రోజు బాగా తగ్గింది. "నువ్వు కూర్చోబోయే పీట మీద నేను మూడేళ్లు కూర్చున్నాను" అన్నారు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తరవాత ఆ కథంతా ఎవరో పరాయివాడి గురించి అయినట్టు "ఆ గుమాస్తా" అంటూనే చెప్పుకొచ్చారు.

ఖజానా దోచింది ఇద్దరు. ఇద్దరూ వారం తిరక్కుండానే దొరికారు. అయినా కోటకు అధికారి అయిన కిల్లేదారు, విచారణ ముగిసేదాకా ఏటవతలివాళ్లెవరూ లోపలికి రాకూడదని ఆజ్ఞ వేశాడు. దొంగలు దొరికాక ఇంకా దేనిమీద విచారణ అని ఎవరూ అడగలేదు. గుమాస్తా కూడా అడగలేదు. చీటీలో మూడు గళ్లుండేవి: పేరు, పని, ఊరు. రెండు నెలలపాటు తలెత్తకుండా "ఊరు?" అని ఒక్క మాట విసరడం, మూడో గడిలో ఏటవతలి పేరు పడితే చీటీ చింపడం, అదే పని. పెళ్లికి వచ్చినవాళ్లను పంపేశాడు, చావుకు వచ్చినవాళ్లను పంపేశాడు. ఇంటికి పోయి హాయిగా అన్నం తిన్నాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు గురువుగారు మావైపు చూడలేదు.

ఒక ఉదయం లింగమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త బసప్ప రాళ్లు కొట్టేవాడు. ఆజ్ఞకు ముందే వచ్చి కోటగోడ పనిలో చేరాడు. ఆ గోడ మీంచే పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నేడో రేపో అన్నట్టున్నాడని కబురొస్తే, ఆమె రెండు రోజులు నడిచి వచ్చింది. మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. ఆ తుడుచుకోవడంలో గుమాస్తాకు తన ఇల్లు గుర్తొచ్చిందో ఏమో, ఎన్నాళ్లో మరిచిన మాట నోట్లోంచి వచ్చేసింది.

"మనదే ఊరమ్మా?"

"మనది మోదుగువాయి సామీ" అందామె. ఆ పలకరింపుతో ధైర్యం వచ్చి, "పానం ఉండంగానే ఒక్కపారి మొగం చూసుకోని పోతా సామీ" అని చేతులు జోడించింది.

మోదుగువాయి ఏటవతల ఉంది. కలం మూడో గడి మీద ఆగిపోయింది. వెనకనుంచి కిల్లేదారు తొంగిచూసి, "ఏటవతలిదా? పంపెయ్. గడప దాటడానికి వీల్లేదు" అన్నాడు.

"దాటదు లెండి" అంటూ గుమాస్తా లేచి, కలం పడేసి, కోటలోకి నడిచాడు. లోపలివాళ్లు వాకిటిదాకా రాకూడదని ఆజ్ఞలో ఎక్కడా లేదు. కిల్లేదారు చెబుతుంటే ఆ ఆజ్ఞ రాసింది తనే కాబట్టి ఆ సంగతి తనకు బాగా తెలుసు.

కాసేపటికి నలుగురు రాళ్లుకొట్టేవాళ్లు బసప్పను బండలు మోసే బల్ల మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. సరిగ్గా గడప మీద, తల బయటికి, కాళ్లు లోపలికి వచ్చేలా దించారు. బల్ల కదలకుండా అటూ ఇటూ రెండు పెద్ద రాళ్లు బిగించారు. లింగమ్మ గడప దాటలేదు. బయటే కూర్చుని అతని తల ఒళ్లోకి తీసుకుంది.

"వచ్చినావా? రానిచ్చినారా నిన్ను?" అన్నాడు బసప్ప.

"మనోళ్లు ఉండారులే ఈడ" అందామె.

కిల్లేదారు ఒళ్లు మండిపోయింది. బల్ల తియ్యమని అరిచాడు. ఎవరూ తియ్యలేదు. తలుపు మూసెయ్యమని బంట్లను కసిరాడు. వాళ్లు కళ్లు మూసుకుని తోశారు. తలుపు రాయికి కొట్టుకుని, అది తిరిగే కింది మొన గుంటలోంచి జారి, అక్కడే ఒరిగి నిలిచిపోయింది. అప్పుడు కిల్లేదారు గుమాస్తా మీదికి వచ్చాడు.

"ఎవరి మనిషివిరా నువ్వు? అసలు నీదే ఊరు?"

"మనది మోదుగువాయి, దొరా."

ఆ మనలో తానూ ఉన్నానని కిల్లేదారుకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక గుమాస్తాను నాలుగు రోజులు ఠాణాలో పెట్టించి, ఉద్యోగం పీకేశాడు. బసప్ప ఆ పొద్దు గుంకేవేళ భార్య ఒళ్లోనే కన్నుమూశాడు. అప్పటిదాకా కోటవాకిలి తెరిచే ఉంది.

గురువుగారు చెప్పడం ఆపేశారు. తిప్పన్న మెల్లగా అన్నాడు.

"అయినా ఆజ్ఞ పోలేదు కదండీ."

"పోలేదు. ముప్పై ఏళ్లయినా విచారణ ముగియలేదు కాబోలు" అన్నారు గురువుగారు. "తలుపు మాత్రం ఆనాటినుంచీ పూర్తిగా మూతపడదు. బాగుచేయమని ఎన్నిసార్లు పిలిచినా రాళ్లుకొట్టేవాళ్లకు తీరిక దొరకలేదట. ఒక మనిషి పట్టేంత సందు ఉంటుంది. నీ పీట దాని పక్కనే."