వీపు వెనక చెయ్యి

పైడిరాజు ఎనిమిదోసారి పడ్డాడు. ఎనిమిదిసార్లూ కుడివైపుకే.

గాలిలోకి లేచి, ఒక చుట్టు తిరిగి, కాలితో మనిషి పీక ఎత్తున తన్నాలి. లేవడం బాగానే వస్తోంది. తిరగడమూ వస్తోంది. దిగేటప్పుడు కుడిపాదం నేలకు తగిలేసరికి ఒళ్లు అటే వాలిపోతోంది.

అనకాపల్లిలో ఒక పాత బెల్లం గోడౌను మేడ మీద ఖాదర్ మాస్టారు కుంగ్‌ఫూ నేర్పేవారు. వానాకాలం వస్తే ఆ నేల జిగురు పట్టి పాదాలకు అంటుకునేది. ఆయన వయసులో ఉండగా ఖరగ్‌పూర్‌లో ఫిట్టరు. ఆదివారాలు కలకత్తా వెళ్లి, చెప్పుల దుకాణం నడిపే ఒక చైనా పెద్దాయన దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు.

ఏడాది కిందటి వరకు పైడిరాజుకు రెండు చేతులున్నాయి. చెరుకు గానుగలో పని. ఒకరోజు రోలర్ల మధ్య ఇరుక్కున్న పిప్పి లాగుతూ ఉండగా మోటారు తిరిగింది. స్విచ్ వేసింది గౌరీసు. ఇద్దరిదీ ఒకే గానుగ, ఒకే మాస్టారు. స్విచ్ వేసేముందు గట్టిగా కేకెయ్యాలని గానుగలో నియమం. ఆ రోజు గౌరీసు కేకెయ్యలేదు. పైడిరాజు ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక పైడిరాజు కాలమంతా వీడియో షాపులో గడిచింది. ఆ షాపులో ఇలాంటి సినిమాలకు విడిగా ఒక అర ఉండేది. గుడ్డి వీరుడు, కాళ్లు లేని అన్నదమ్ములు, ఒంటిచేతి వీరుడు. అన్నిట్లోనూ పగే. ముందు అవయవం పోతుంది, తర్వాత కొండల్లో సాధన, చివర విలన్ చావు. ఒంటిచేతి వీరుడి క్యాసెట్ పైడిరాజు పదకొండుసార్లు చూశాడు. చొక్కా ఖాళీ చేతిని అతనిలాగే ముడి వేసుకున్నాడు. తర్వాత గౌరీసుకు కబురు పంపాడు.

"ఆదివారం వస్తానన్నాడా?" మాస్టారు అడిగారు.

"అన్నాడండి. ఒక్క తన్నే. కాసుకోగలిగితే కాసుకోమన్నాను."

"తగిలితే?"

"తగలాలనే కదా మాస్టారూ."

"సినిమాలో అతను ఎలా నిలబడ్డాడో చూపించు," అన్నారు మాస్టారు.

పైడిరాజు నిలబడ్డాడు. ఎడమ భుజం వెనక్కి లాగి, రొమ్ము ముందుకు పెట్టి, గడ్డం కొంచెం దించాడు.

"ఆ భుజం ఎందుకలా లాగావు?"

"అతనలాగే లాగుతాడండి. అదే అతని స్టైలు. మీరు చూడలేదేటి ఆ సినిమా?"

"మూడుసార్లు చూశాను. మంచి సినిమా."

ఆయన తన నడుముకున్న నల్లటి పట్టీ విప్పి పైడిరాజుకు ఇచ్చారు. ఎడమ చెయ్యి వీపు వెనక్కి మడిచి, "కట్టు" అన్నారు. పైడిరాజు ఒక కొస పళ్లతో పట్టుకుని, ఒంటి చేత్తో బిగించి కట్టాడు. మాస్టారు పైనుంచి వదులు చొక్కా తొడుక్కున్నారు. ఖాళీ చెయ్యి వేలాడింది.

ఆయనకు అరవై దాటాయి. రెండడుగులు వేసి లేచారు, తిరిగారు, దిగారు. దిగిన చోటే నిలబడ్డారు. కింద గోడౌనులో హమాలీలు బెల్లం దిమ్మలు దించుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పైడిరాజు ముఖం వెలిగింది. "అయ్యింది కదండీ. ఒంటి చేత్తో అవుతాది. నాకే ఎందుకవ్వట్లేదు?"

"వెనక్కి రా. నా వీపు మీద చెయ్యి పెట్టు."

పెట్టాడు. చొక్కా కింద పిడికిలి తగిలింది. వెచ్చగా ఉంది. అతని అరచేతి కింద మాస్టారి వేళ్లు ఒకసారి కదిలాయి.

పైడిరాజు చెయ్యి తీయలేదు.

"సినిమాలో అతనిక్కూడానా?"

"మంచులో కొట్లాట ఉంది చూడు, అక్కడ గాలికి చొక్కా వీపుకు అతుక్కుంటుంది. మళ్లీ వేసుకుని చూడు. భుజం లాగేది చెయ్యి కనబడకుండా ఉండటానికి. దాని బరువు మాత్రం ఒంటి మీదే ఉంటుంది." మాస్టారు చొక్కా పైకి ఎత్తారు. "ఇక విప్పు."

ముడి విప్పడానికి పైడిరాజుకు చాలాసేపు పట్టింది. చెయ్యి బయటికి వచ్చాక మాస్టారు దాన్ని విదిలించారు. పాలిపోయిన వేళ్లను ముడిచి తెరిచారు, రంగు తిరిగి వచ్చేదాకా.

"పగ తీరిపోయాక అతనూ ఇలాగే విప్పుకుని ఉంటాడు," అన్నారు. "చెయ్యి కడుక్కుని భోజనానికి కూర్చుని ఉంటాడు."

పైడిరాజు తన చొక్కా ముడి వైపు చూసుకున్నాడు.

"మరి నేనెలాగ నిలబడాలి మాస్టారూ?"

"నాకు తెలీదు. నాకు రెండు చేతులున్నాయి. నువ్వు నేర్చుకుని నాకు చెప్పు."

అది గురువారం. ఆ రోజూ మర్నాడూ పైడిరాజు ఒక్కసారి కూడా ఎగరలేదు. కిటికీ దగ్గర ఉత్తినే నిలబడ్డాడు. బరువు ఒక పాదం మీంచి ఇంకో పాదం మీదికి మారుస్తూ గంటలు గడిపాడు. "ఏటి పైడీ, బస్సు కోసమా?" అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. భుజం దానంతటది ముందుకు వచ్చింది. కుడిపాదం జానెడు బయటికి జరిగింది. అలాంటి నిలబడటం ఏ సినిమాలోనూ లేదు. చూడటానికి అంత బాగానూ లేదు.

శనివారం సాయంత్రం లేచాడు, తిరిగాడు, దిగాడు. పడలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ పడలేదు. కాలు సరిగ్గా పీక ఎత్తుకే వెళ్లింది.

మాస్టారు సుద్దముక్క తెచ్చి, అతని కుడిపాదం చుట్టూ నేల మీద గీత గీశారు. తర్వాత తన పాదం అందులో పెట్టి చూసుకున్నారు. ఆదివారం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆదివారం ఎనిమిది గంటలకు మెట్ల కింద నుంచి పెద్దగా కేక వినిపించింది.

"పైడీ, నేను. పైకి వస్తున్నాను."

ఆ మెట్లు ఎక్కేటప్పుడు అంతకు ముందు ఎవరూ కేకేసి ఎరగరు.

గౌరీసు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారికి దణ్ణం పెట్టబోయి, ఒక్క చెయ్యే ఎత్తాడు. చొక్కా ఎడమ చెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

పైడిరాజు సుద్దగీతలో పాదం పెట్టి నిలబడి ఉన్నాడు. అతని చూపు గౌరీసు ముఖం మీంచి ఎడమ భుజం మీదికి వెళ్లి అక్కడే ఆగింది. భుజం వెనక్కి లాగి ఉంది.

"సమానంగా ఉండాలి కదా," అన్నాడు గౌరీసు.

"ఎవరు కట్టారు?"

"మా అమ్మ."

"ఎన్నింటికి?"

"తెల్లారుతూనే కట్టించుకున్నాను."

గౌరీసు గడ్డం ఎత్తి కళ్లు మూసుకున్నాడు. పీక మీద నరం కొట్టుకుంటోంది. మాస్టారు కిటికీ పక్క నుంచి కదల్లేదు.

పైడిరాజు గీత దాటి వచ్చాడు. గౌరీసు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు. చొక్కా ఎత్తాడు. పాత చీర పీలిక, మూడు ముళ్లు, గట్టివి. ఒంటి చేత్తో లాగితే రాలేదు. వంగి పళ్లతో పట్టుకున్నాడు. మొదటి ముడి వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదానికి అతని పెదవి చిట్లింది.

చెయ్యి జారి కింద పడ్డట్టుగా వేలాడింది. వేళ్లు నీలంగా ఉన్నాయి.

"ఆడించు," అన్నాడు పైడిరాజు.

"ఆడట్లేదు."

పైడిరాజు ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని మణికట్టు నుంచి కిందికి రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆడతాయి. కాసేపు పడుతుంది."