కొత్త నగారా వరస

ఏరు పొంగితే కోట మీద నగారా మోగేది. ఒక్కో ఊరికి ఒక్కో దెబ్బల వరస, కోట బంట్లను పిలవడానికీ ఒకటి ఉండేది. తమ వరస వినగానే ఆ ఊరివాళ్ళు పిల్లాజెల్లాతో మిట్టకెక్కేవాళ్ళు.

కొత్త ఊళ్ళు వెలిసి వరసలు చాలక, అన్నిటినీ మార్చాలన్నాడు మంత్రి ముమ్మన. నగారాలు కట్టేవాళ్ళు భేషన్నారు.

"మరి ఊళ్ళవాళ్ళను అడిగారా?" అన్నాడు రాజు.

"కొత్త వరసల్లో నగారా కొట్టించి అందరినీ సభకు పిలిచాను ప్రభూ. కాదనడానికి ఒక్కరూ రాలేదు. ఒప్పుకున్నట్టే."

కోటలో చల్ల పోసే నూకాలు అది విన్నది. పోయిన వరదలో చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి.

"ఆ మోత మాకోసమని మాకెలా తెలుస్తుంది బాబూ?" అంది.

మంత్రికి ఒళ్ళు మండింది. "దీన్ని బయటికి ఈడ్చెయ్యాలి, బంట్లను పిలవండి!"

"బంట్ల వరస కూడా మారింది కదా, కొత్తదానితోనే పిలిపించండి," అంది నూకాలు.

"అలాగే!" అన్నాడు మంత్రి పంతంగా.

నగారా మోగింది. మళ్ళీ మోగింది. కోట గుమ్మం దగ్గర బంట్లు విన్నారు కానీ కదల్లేదు.

"ఒక్కరూ రాలేదు. నేనిక్కడ ఉండటానికి అందరూ ఒప్పుకున్నట్టే," అంది నూకాలు. తర్వాత రాజు వైపు తిరిగింది. "రేపు ఏరొస్తే మా ఊరు కూడా ఇలాగే ఒప్పుకుంటుంది మారాజా."

మర్నాడు రాజాజ్ఞ మీద మంత్రి ముమ్మన, ఊరూరా తిరిగి అడగడానికి, కాలినడకన బయల్దేరాడు.