పర్లపెట్ట వేసిన ప్లాను

కొండ పాదాన ఒక రైతు ఇల్లు. ఆ ఇంటి పెరట్లో గడ్డివాము, దాని పక్కనే కోళ్లగూడు. ఆ గూట్లో పర్లమ్మ అనే పెట్ట, డేగయ్య అనే పుంజు కాపురం ఉండేవారు. వాళ్లకి పన్నెండుమంది పిల్లలు. పదకొండుమంది సంగతి సరే, పన్నెండోదే కాస్త వేరు. ఇంటావిడ పొదిగించేటప్పుడు కోడిగుడ్ల మధ్య ఒక బాతుగుడ్డు కూడా పెట్టేసింది. పర్లమ్మకి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ముక్కు చదునుగా, కాళ్లు చేటల్లా పుట్టిన ఆ పిల్లని చూసుకుని "అచ్చం మా అన్నయ్య పోలిక" అని మురిసిపోయేది.

"మీ అన్నయ్యని చూశాలే. ఆయన ముక్కు బాగానే ఉండేది" అని గొణిగేవాడు డేగయ్య. ఆ పిల్లకి బుడుంగి అని పేరు పెట్టుకున్నారు.

కార్తీకమాసం వచ్చింది. అడవంతా వనభోజనాల సందడి. కొండ అవతల, వాగు ఒడ్డున కొండముచ్చులు ఒక వినోదాల తోట పెట్టాయి. నున్నటి జారుడుబండ ఉంది. దున్నపోతు తిప్పే రంగులరాట్నం ఉంది. అన్నిటికన్నా పేరుమోసింది చీకటిగుహ. అందులోకి ఒక్కోసారి ఒక్క కుటుంబాన్నే పంపిస్తారు. లోపల గబ్బిలాలు కీచుమంటాయి, వెళ్లినవాళ్లు కెవ్వుమంటారు, బయట నిలబడ్డవాళ్లు పడీపడీ నవ్వుతారు. అదే దాని సరదా. తోటలో ఒకటే చట్టం, ఎవరూ ఎవర్నీ తినకూడదు.

"మనమూ వెళ్దాం" అన్నారు పిల్లలు.

"పదండి, రేపే పోదాం" అన్నాడు డేగయ్య.

పర్లమ్మ గయ్యిమంది. "రేపేనా? పోయినేడు ఇలాగే 'పదండి' అన్నారు. ఆటల్లో పడి పొద్దు చూసుకోలేదు. మన కళ్లకి మసక చీకట్లో ఏమైనా కనపడుతుందా? అప్పటి పిల్లల్ని రెక్కల కింద కుక్కుకుని తుప్పలో నక్కి, తెల్లారేదాకా చచ్చి బతికాను. కార్తీకమాసంలో కడవ కడిగేంత పొద్దుండదు. ఈసారి ప్లాను లేకుండా గడప దాటేది లేదు!"

నిజమే మరి, ఆవిడ భయం ఆవిడది. కానీ భయపడ్డవాళ్లకి కొలత తెలీదు. పర్లమ్మ బూడిదకుప్ప దగ్గర కూర్చుని కాలిగోటితో గీతలు గీయడం మొదలెట్టింది. ఒకరోజు, రెండ్రోజులు, పదిరోజులు. గాలికి గీతలు చెరిగిపోతే మళ్లీ గీసేది. రోజూ సాయంత్రం పిల్లల్ని వరసగా నిలబెట్టి గట్టిగా అప్పజెప్పించేది.

"ఏడో కూతకి?"

"బయల్దేరడం!"

"నీడ రెండు బారలున్నప్పుడు?"

"జారుడుబండ! తలా మూడు జారుళ్లు!"

"నాలుగోది?"

"లేదు!"

"మరి దాహం వేస్తే?"

"రాట్నం దిగాక! అందరం ఒక్కసారే తాగాలి!"

"నవ్వడం ఎప్పుడో అది కూడా రాసెయ్యవే" అన్నాడు డేగయ్య. "ఎందుకొచ్చిన గొడవ, గుర్తుంటుందో ఉండదో."

"మీరు నోరు మూసుకోండి" అంది పర్లమ్మ.

ఇంటి గుట్టు లంకకి చేటని ఊరికే అన్నారా? పెరటి కంచె అవతల రోజూ రెండు చెవులు నిక్కి ఉండేవి. ఒకనాడు ఆ చెవుల వెనకున్న మొహం కూడా బయటికొచ్చింది.

"చెల్లెమ్మా! ఏం ప్లానమ్మా, ఏం ప్లాను! అడవిలో ఏనుగులకి కూడా ఇంత బుర్ర లేదు" అంది నక్క.

డేగయ్య మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "దూరం! దూరం!"

"బావగారూ, అపార్థం చేసుకోకండి. కార్తీకం కదా, నెలరోజులూ నీచు ముట్టను. ఉసిరికాయలు తిని తిని పళ్లు పులిసిపోయాయి, కావాలంటే చూడండి" అంటూ నక్క పళ్లు ఇకిలించింది.

ఆ పళ్లు చూశాకైనా పర్లమ్మకి ఒళ్లు జలదరించాలా, వద్దా? జలదరించలేదు. పదిరోజులుగా తన ప్లానుని మెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు పాపం. "చూశారా, పరాయివాడైనా అన్నయ్యకి తెలిసింది" అని మొగుణ్ణి దెప్పి, మొదటి కూత నుంచి ఆఖరి నీడ దాకా పూసగుచ్చినట్టు నక్కకి అప్పజెప్పేసింది.

నక్క అంతా విని తలూపింది. "ఒక్క మాట చెల్లెమ్మా. చీకటిగుహని పొద్దున పెట్టుకున్నావు, అప్పుడు తొక్కిసలాట. మిట్టమధ్యాహ్నం పెట్టుకో, నీడ కాళ్లకిందికి వచ్చే వేళకి. అందరూ భోజనాలకి కూర్చుంటారు, హాయిగా ఉంటుంది. పిల్లల్ని ఒకరి వెనక ఒకర్ని ముందు పంపు. నువ్వు చివర ఉండు. ఒక్కరు కూడా తప్పిపోరు."

"అవును సుమా! నాకు తట్టనేలేదు" అని పర్లమ్మ అప్పటికప్పుడు బూడిదలో గీత మార్చేసింది.

నక్క ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పింది. "గుహకి వెనకాల ఒక కన్నం ఉంది. అందులోంచి దూరి నోరు తెరుచుకుని కూర్చుంటాను. మొదటిది నోట్లోకి నడిచొస్తుంది. ముందుదానికేమైందో వెనకదానికి కనపడదు. అవి కెవ్వుమన్నకొద్దీ బయటవాళ్లు నవ్వుతారు."

"కార్తీకం కదండీ?" అంది ఆడనక్క.

"చీకట్లో ఏ మాసమైతే ఏమిటే?"

అనుకున్న రోజు రానే వచ్చింది. ఏడో కూతకి బయల్దేరారు. తోట గుమ్మం దగ్గర కొండముచ్చు మోదుగాకు మీద గోటితో గీరి, గుహకి వాళ్ల వంతు వేళ గుర్తుపెట్టి ఇచ్చింది. జారుడుబండ మీద తలా మూడుసార్లు జారారు. నాలుగోసారికి ఒక పిల్ల ఏడ్చింది, "ప్లానులో లేదు" అని పర్లమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. రంగులరాట్నం మీద పిల్లలు నవ్వబోయేలోపు "దిగండి, దిగండి, నీడ కుంచించుకుపోతోంది" అంది. వనభోజనానికి వచ్చినట్టు లేదు, పంట కోతకి వచ్చినట్టుంది. పిల్లల మొహాలు వేలాడిపోయాయి. పర్లమ్మ మొహంలో మాత్రం వెలుగు. ఒక్క గీత తప్పలేదు కదా!

నీడ కాళ్లకిందికి వచ్చింది. అందరూ వరసకట్టి గుహ వైపు నడుస్తున్నారు. దారి పక్కన వాగు నీళ్లు నిలిచిన మడుగు ఉంది. అంతదాకా బుద్ధిగా నడిచిన బుడుంగి ఆగింది. అంత నీటిని అది పుట్టాక చూడ్డం అదే మొదలు. మెడ సాచింది, ఒళ్లు విదిల్చింది. ఎవరో పిలిచినట్టు ఒక్క పరుగు తీసి, బుడుంగుమని దూకేసింది.

"ఓరి దేవుడో! నా బిడ్డ! నా బిడ్డ మునిగిపోతోంది!" పర్లమ్మ గట్టు మీద అటూ ఇటూ పరుగులు తీస్తూ గుండెలవిసేలా అరిచింది.

డేగయ్య తొంగిచూశాడు. "మునగట్లేదే. తేలుతోంది."

"తేలితే మాత్రం! బయటికి రావే తల్లీ!"

"అమ్మా, ఇక్కడ ఎంత బాగుందో! నువ్వు కూడా రా!" అని మడుగు మధ్యలోంచి కేక పెట్టింది బుడుంగి.

అదే సమయానికి గుహ దగ్గర్నించి కొండముచ్చు పిలిచింది. "పర్లమ్మ కుటుంబం! మీ వంతు! ఇప్పుడు రాకపోతే ఇవాళ్టికి మళ్లీ లేదు!"

లోపల చీకట్లో నక్క ఆ పేరు వినగానే నోరంతా తెరిచింది.

"ఏం చేద్దామే? పదిరోజులు గీశావు, నీ ప్లాను ఎందుకు పాడవ్వాలి? బుడుంగి దగ్గర నువ్వుండు. మిగతావాళ్లని నేను తీసుకెళ్తా" అన్నాడు డేగయ్య. పాపం, ప్లానంటే పడనివాడు, పెళ్లాం మనసు నొచ్చుకుంటుందని ఆ రోజే ప్లానుని వెనకేసుకొచ్చాడు!

పర్లమ్మ మడుగు వైపు చూసింది, గుహ వైపు చూసింది. పదిరోజుల బూడిద గీతలు కళ్లముందు మెదిలాయి. "సరే, వెళ్లండి" అంది.

పదకొండుమంది ఒకరి వెనక ఒకరు గుహ ముందు నిలబడ్డారు. డేగయ్య చివర నిలబడ్డాడు. మొదటి పిల్ల ఒక కాలు గుమ్మంలో పెట్టింది. కోడిపిల్ల వాసన ముక్కుకి తగిలి నక్కకి లాలాజలం కారింది.

"ఆగండి!" గట్టు మీంచి పర్లమ్మ కేక కొండంతా మోగింది. "వెనక్కి రండి! ఒకటి నీళ్లలో ఉంటే పదకొండుమందికి సరదా ఏమిటి, నా మొహం! వెళ్తే అందరం వెళ్దాం, లేకపోతే మానేద్దాం. ప్లాను గంగలో కలవనీ. రండి, అందరూ ఇక్కడ నా దగ్గరుండండి!"

మొదటి పిల్ల పెట్టిన కాలు వెనక్కి తీసింది. వరస విడిపోయి, పిల్లలందరూ కిచకిచమంటూ మడుగు గట్టుకి పరిగెత్తారు. బుడుంగిని చూసి అరుస్తూ గెంతులేశారు. ఆ రోజు వాళ్లు నోరారా నవ్వింది అప్పుడే.

వీళ్ల వెనకాల వంతుకోసం కాచుకున్నది ముళ్లపంది దంపతులు. "వదినా, మీ వంతు మేం తీసుకోవచ్చా? పొద్దున్నించీ మా ఆయన గుహ గుహ అని ప్రాణం తీస్తున్నాడు" అంది ఆడ ముళ్లపంది.

"తీసుకోమ్మా, హాయిగా తీసుకో" అని పర్లమ్మ మోదుగాకు ఇచ్చేసింది.

ముళ్లపంది మొగుడు ముందు, పెళ్లాం వెనక లోపలికెళ్లారు. గబ్బిలాల కీచుల్లో వంతు మారిన సంగతి నక్కకి తెలీలేదు. అడుగుల చప్పుడు దగ్గరైంది. నక్క ఇక ఆగలేక గబుక్కున కొరికింది.

తర్వాత వచ్చిన అరుపుని నేను రాయలేను. గబ్బిలాలే భయపడి మూగబోయాయి. బయట అందరూ పడీపడీ నవ్వారు. "అబ్బ, ఈసారి అరుపు భలే పెట్టారయ్యా!" అని ఒక కుందేలు చప్పట్లు కొట్టింది.

అంతలో నక్క ముందు గుమ్మంలోంచే బయటికొచ్చి పడింది. నోటినిండా ముళ్లు. మూయలేదు, తెరవలేదు. అందరి నవ్వూ టక్కున ఆగిపోయింది. దాని వెనక ముళ్లపంది నింపాదిగా నడిచొచ్చి అడిగింది. "లోపల ఎవరో నన్ను కొరికారండీ. ఇది కూడా ఆటలో భాగమేనా?"

"ఏయ్, నీ మోదుగాకు ఏది? లోపలికి ఎలా వచ్చావు? ఎవరికోసం వచ్చావు?" అని కొండముచ్చు కర్ర అందుకుంది. నక్క ఏం చెప్తుంది? చెప్పాల్సిన నోరు దాని స్వాధీనంలో లేదు. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, వెంటపడ్డ కొండముచ్చుల చేత దెబ్బలు తింటూ కొండెక్కి పారిపోయింది.

అప్పటికిగాని పర్లమ్మకి అర్థం కాలేదు. ఈ వేళ నక్క చెప్పిందే. ఈ వరస తను ఒప్పుకున్నదే. పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఒకటి, రెండు, మూడు..." అని పిల్లల్ని ముక్కుతో తడిమి తడిమి లెక్కపెట్టింది. పదకొండు. నీళ్లు ఓడుతూ బుడుంగి వచ్చి ఒళ్లో దూరింది. పన్నెండు. మళ్లీ మొదట్నించి లెక్కపెట్టింది. మళ్లీ పన్నెండే. అప్పుడు భోరుమని ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది.

"నేనేనే వరసలో నిలబెట్టింది. ఇంకొక్క అడుగు..." అన్నాడు డేగయ్య. మళ్లీ తనే, "నక్కతోక తొక్కొచ్చామే ఇవాళ" అన్నాడు.

"తోకేమిటి, నోట్లోనే కాలు పెట్టబోయాం" అని పర్లమ్మ కళ్లు తుడుచుకుంది. "పిల్లలూ, పోయి ఆడుకోండి. ఏది కావాలంటే అది."

"నాలుగోసారి జారొచ్చా?"

"పద్నాలుగోసారి జారండి!"

ఆ మధ్యాహ్నం వాళ్లు ఆడినట్టు తోటలో ఎవరూ ఆడలేదు. ఉసిరిచెట్టు కింద నూకలు తిన్నారు. పర్లమ్మ తనే ఒకసారి బండ మీంచి జారి, రెక్కలు పైకీ కాళ్లు కిందికీ అయి, పిల్లల చేత నవ్వించుకుంది. చూసి చూసి డేగయ్యకి ఊపొచ్చింది. "ఇంకొక్కసారి రాట్నం ఎక్కేసి పోదామే."

పర్లమ్మ పొద్దు వైపు చూసింది. "వద్దు. మిగతావన్నీ మీ ఇష్టం. పొద్దుగూకేలోపు గూట్లో ఉండడం మాత్రం నా ఇష్టం. పదండి."

డేగయ్య సరేనని ముందు నడిచాడు. పిల్లలూ గునవలేదు. కడుపునిండా ఆడినవాళ్లు గునవరు. పొద్దు కొండ దిగకముందే పన్నెండుమందీ రెక్కల కింద వెచ్చగా సర్దుకున్నారు. పర్లమ్మ ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

పదిరోజులయ్యాక కంచె అవతల చప్పుడైంది. మూతి బూరెలా వాచిన నక్క తొంగిచూసి, మాట ముద్దగా వస్తుంటే అడిగింది. "చెల్లెమ్మా, వచ్చే వారం కూడా వెళ్తున్నారటగా? ఎన్నో కూతకి బయల్దేరుతున్నారు? ముందు ఏ ఆట?"

పర్లమ్మ గడ్డివాము మీదికి ఎగిరి కూర్చుంది. "చీకటి పడకముందే ఇంటికొచ్చేస్తాం అన్నయ్యా, అదొక్కటీ ఖాయం. మధ్యలో ఎక్కడుంటామో మాకే తెలీదు, ఇక నీకేం చెప్పను?"

నక్క నిలబడి చాలాసేపు ఆలోచించింది. ఎక్కడ కాచుక్కూచోవాలో తేలక, తలొంచుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నీతి: ఇల్లు చేరే వేళ గట్టిగా అనుకో, నడుమ ఆటకి చోటు వదులు, నీ దారి నక్కకి చెప్పకు.